కారవాన్‌కి షాక్ అబ్జార్బర్లు: లాభమేంటి, బిగించే ముందు ఏం చూడాలి

కారు వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లు లాంటి కారవాన్‌లో ప్రయాణమప్పుడు ఎవరూ కూర్చోరు కదా, దానికి షాక్ అబ్జార్బర్లు దేనికి అని చాలామంది అడుగుతుంటారు. లోపల మనుషులు లేకపోయినా కింద టైర్లున్నాయి, అవి రోడ్డుని వదలకూడదు. షాక్ అబ్జార్బర్ వేసేది ముఖ్యంగా అందుకే, మెత్తగా పోవడమనేది ఆ తర్వాతి మాట.

ముందు మీ కారవాన్ కింద ఏముందో వంగి చూడండి. ఇప్పటి కారవాన్లలో చాలావాటికి స్ప్రింగులు కనపడవు. ఆరు పలకల ఇనుప గొట్టం ఒకటి అడ్డంగా ఉంటుంది, దాని లోపల రబ్బరు కడ్డీలు బిగువుగా దూర్చి ఉంటాయి, గొట్టం చివర నుంచి వచ్చే చిన్న ఆర్మ్ చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. చక్రాలని మోసే ఈ మొత్తం భాగమే యాక్సిల్, ఆల్కో కంపెనీ యాక్సిళ్లు ఈ రకమే. చక్రం ఎత్తు మీదకి ఎక్కినప్పుడు ఆర్మ్ తిరిగి రబ్బరు నలుగుతుంది, వెంటనే మళ్లీ వెనక్కి తోస్తుంది. రబ్బరుకి ఊపుని కొంత మింగేసే గుణం తనంతట తనకే ఉంది, అందుకే షాక్ అబ్జార్బర్లు లేకుండానే ఎన్నో కారవాన్లు అమ్ముడవుతాయి, తిరుగుతాయి కూడా. కానీ వరసగా గతుకులు వచ్చినప్పుడు ఆ కొంత చాలదు. మొదటి కుదుపు సద్దుమణగకముందే రెండోది వచ్చి పడుతుంది, ఎగురుడు పెరుగుతూ పోతుంది.

షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. లోపల పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నటి దారుల్లోంచి దూరి వెళ్లాలి, ఆ కష్టంలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద నడిపి ఆపాక షాక్ అబ్జార్బర్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి (బ్రేక్ డ్రమ్ జోలికి మాత్రం వెళ్లకండి, కాలుతుంది). రెండు వైపులవీ ఒకేలా గోరువెచ్చగా ఉంటే పని చేస్తున్నట్టే. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉందంటే ఆ చల్లటిదాన్ని అనుమానించాలి.

ఇక లాభాలు. టైరు గాల్లో ఉన్నంతసేపూ దానికి బ్రేకు లేదు, పక్కకి జారకుండా పట్టూ లేదు. ఎగురుడు తగ్గితే బ్రేకు సమంగా పడుతుంది, మలుపులో ఒక చక్రం గుంతలో పడ్డా బండి పక్కకి ఒరిగి వెంటనే నిలదొక్కుకుంటుంది. కారవాన్ ముందుకీ వెనక్కీ తూగడం తగ్గితే కారు వెనక కారవాన్‌ని తగిలించే హిచ్ మీద పడే బరువు కూడా క్షణానికోలా మారదు, ఆ తేడా డ్రైవర్‌కి స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. లోపల అల్మరాల స్క్రూలు వదులవడం, తలుపుల కీళ్లు ఊడటం, సామాన్లు కిందపడటం, ఇవన్నీ తగ్గుతాయి.

జర్మనీలో దీన్ని చట్టమే లెక్కలోకి తీసుకుంది. అక్కడ కారవాన్ లాగే కారుకి మామూలుగా 80 కిలోమీటర్ల వేగమే పరిమితి. ఆటోబాన్ (అక్కడి పెద్ద హైవే) మీద 100కి అనుమతి కావాలంటే కారుకి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండాలి, కారవాన్ టైర్ల వయసు 6 ఏళ్ల లోపు ఉండాలి, ఇంకా బరువుల నిష్పత్తి కుదరాలి. కారు ఖాళీ బరువు 1500 కిలోలు అనుకోండి. హైడ్రాలిక్ (నూనెతో పనిచేసే) షాక్ అబ్జార్బర్లు లేని కారవాన్ గరిష్ఠ బరువు అందులో 0.3 వంతు, అంటే 450 కిలోలు దాటకూడదు. బ్రేకులతో పాటు అవీ ఉంటే 0.8 వంతు, 1200 కిలోల దాకా. ఊగకుండా పట్టే స్టెబిలైజర్ కూడా ఉంటే 1500. షాక్ అబ్జార్బర్ అనే ఒక్క భాగానికి అంత తేడా ఇచ్చారు.

బిగించే ముందు చక్రం ఆర్మ్ ఏ కోణంలో ఉందో చూడండి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. మామూలు బరువుతో నిలబెట్టినప్పుడు ఆర్మ్ చక్రం వైపు కిందికి వాలి ఉండాలి. అడ్డంగా చదునుగా అయిపోయినా, పైకి లేచినా రబ్బరు అయిపోయిందనో బరువు ఎక్కువైందనో అర్థం. అలాంటి యాక్సిల్‌కి కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే డబ్బు దండగ, ముందు యాక్సిల్ సంగతి తేల్చుకోవాలి.

యాక్సిల్ మీదున్న ప్లేటు చదివి, ఆ మోడల్‌కి, ఆ బరువుకి చెప్పిన కిట్ మాత్రమే తీసుకోండి. ఎప్పుడూ జతగానే మార్చాలి. చాలా ఛాసిస్‌లకి (కింది ఇనుప చట్రాలకి) బ్రాకెట్ కోసం చోటు కంపెనీయే ఇస్తుంది. అది లేదని ఛాసిస్‌కి డ్రిల్ కొట్టడం, వెల్డింగ్ పెట్టడం చెయ్యొద్దు. పల్చటి ఇనుము అక్కడ బలం కోల్పోతుంది, పైన జింకు పూత పోయి తుప్పూ పడుతుంది.

చదునైన గట్టి నేల మీద కారవాన్‌ని కారుకి తగిలించే ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి, అవతలి చక్రానికి రెండు వైపులా అడ్డు పెట్టండి. కంపెనీ చూపించిన చోటే జాకీ పెట్టి, కింద స్టాండ్ వేశాకే చెయ్యి లోపల పెట్టండి. మూలల్లో ఉండే కాళ్లు బండిని కదలకుండా నిలపడానికే, ఎత్తడానికి కాదు. పాత సెల్ఫ్ లాకింగ్ నట్లు మళ్లీ వాడకండి. బోల్టులు మాన్యువల్లో చెప్పిన లెక్కకి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువు పడిందో కొలిచే పానాతో) బిగించండి. చక్రం విప్పితే 50 కిలోమీటర్లు నడిపాక దాని బోల్టులు ఇంకోసారి చూసుకోవాలి. ఇందులో ఏది సందేహంగా అనిపించినా కారవాన్ పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వడమే మేలు.

షాక్ అబ్జార్బర్ పడింది కదా అని అదనంగా సామాను ఎక్కించేవాళ్లున్నారు. యాక్సిల్ మోసే పరిమితి ఒక్క కిలో కూడా పెరగలేదు. బరువైనవి కిందగా, యాక్సిల్‌కి దగ్గరగానే సర్దాలి. వెనక బరువెక్కువై కారవాన్ పక్కలకి ఊగుతుంటే షాక్ అబ్జార్బర్ దాన్ని ఆపలేదు. ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనివ్వాలి.

తర్వాత ఏటా సర్వీసింగ్‌లో రెండు చూడమనండి: ఒంటి మీద తడి నూనె చారలు, చివర్ల రబ్బరు బుష్‌లలో పగుళ్లు. టైరు రోడ్డుకి తగిలే ముఖం మీద చేత్తో రాసినప్పుడు అక్కడక్కడా పల్లాలు తగిలితే ఆ వైపు షాక్ అబ్జార్బర్‌ని కూడా చూడాలి.