పాత బీటిల్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1949లో అమెరికాకు దిగుమతి కావడం మొదలైంది. సెడాన్ (గట్టి పైకప్పు మోడల్) రాక 1977తో ఆగింది. ఇప్పటికీ దాన్ని ముద్దుగా చూసుకునేవాళ్లకు కొదవలేదు. ఇంజిన్ వెనకాల ఉంటుంది, రేడియేటర్ ఉండదు, చల్లబరిచే పని గాలీ ఆయిలూ పంచుకుంటాయి. దీని పేచీల్లో చాలావాటికి మూలం ఆ రెండే. కింది కొలతలు 1960ల చివరి నుంచి వచ్చిన 1500, 1600 సీసీ కార్బురేటర్ ఇంజిన్లకు.

నడుస్తుండగా డైనమో ఎర్ర లైటు వెలిగింది

వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. చల్లబరిచే ఫ్యాను, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో షాఫ్టు మీదే ఉంటుంది. దాన్ని తిప్పే బెల్టు తెగితే ఛార్జింగుతో పాటు గాలీ ఆగిపోతుంది. "దగ్గరే కదా, ఇంటిదాకా లాగేద్దాం" అనుకుంటే ఇంజిన్ పోయినట్టే. బెల్టు చెక్కుచెదరకుండా తిరుగుతుంటే తప్పు బ్రష్షుల్లోనో రెగ్యులేటర్లోనో ఉంటుంది, అది ఇంటికెళ్లి చూసుకోవచ్చు.

బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు 15 మి.మీ. లోపలికి పోవాలి. వదులైతే డైనమో పుల్లీ గాడిలో స్క్రూడ్రైవర్ దూర్చి, డైనమో పై బోల్టుకు ఆనించి, 21 నంబర్ పానాతో నట్టు విప్పండి. పుల్లీ రెండు చెక్కల మధ్య పల్చటి వాషర్లుంటాయి. ఒకటి తీస్తే బెల్టు బిగుస్తుంది. తీసినదాన్ని పారేయకుండా నట్టు కింద బయటి వైపు పెట్టండి, కొత్త బెల్టు వేసినప్పుడు మళ్లీ అదే కావాలి.

ఇంజిన్ చప్పుడు తగ్గింది, లాగుడూ తగ్గింది

కొత్తగా కొన్నవాళ్లు చప్పుడు తగ్గిందని సంబరపడతారు. నిజానికి భయపడాల్సిన లక్షణం ఇదే. ట్యాపెట్లు (వాల్వులను తెరిచే మీటలు) టకటకలాడుతుంటే వాటికీ వాల్వులకూ మధ్య గ్యాపు ఉన్నట్టు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగేకొద్దీ గ్యాపు పూడుకుపోతుంది. అప్పుడు వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. తన వేడిని వదిలించుకునే దారి ఆ సీటే కాబట్టి వాల్వు మాడుతుంది, చివరికి తల విరిగి పిస్టన్ మీద పడుతుంది.

ముందు పోయేది ఎక్కువగా 3వ సిలిండర్, అంటే ఎడమ పక్క, బండి ముందు వైపుది. ఫ్యాను గాలికి అడ్డంగా ఆయిల్ కూలర్ దాని నెత్తినే ఉంటుంది. 1971 మోడల్‌లో కూలర్‌ను పక్కకు జరిపాక బాధ తగ్గింది.

ప్రతి 3,000 మైళ్లకు ట్యాపెట్లు సెట్ చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, రాత్రి ఆపితే పొద్దున్నే పట్టుకోండి. గ్యాపు 0.15 మి.మీ. (0.006 అంగుళం). డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి, కింది క్రాంక్ పుల్లీ గీత ఇంజిన్ కేసు అతుకుకు ఎదురుగా, రోటర్ (లోపల తిరిగే ముక్క) డిస్ట్రిబ్యూటర్ అంచు మీది గాడి వైపు వచ్చేలా తిప్పితే 1వ సిలిండర్ సిద్ధం. 13 నంబర్ పానాతో లాక్ నట్టు వదులు చేసి, ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే పల్చటి రేకు) కాస్త పట్టి జారేదాకా స్క్రూ తిప్పండి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. పుల్లీని గడియారానికి ఎదురు దిశలో సగం చుట్టు తిప్పితే 2, ఇంకో సగానికి 3, ఆపైన 4. వాల్వు మూతలకు ప్రతిసారీ కొత్త ప్యాకింగే వేయండి.

ఏదో ఒక వాల్వు గ్యాపు ప్రతిసారీ తగ్గుతూ ఉంటే అది సాగిపోతోందని అర్థం. మళ్లీ మళ్లీ సర్దుతూ కూర్చోకుండా హెడ్ విప్పించండి.

చేతులు ఎలాగూ మురికయ్యాయి కాబట్టి ఆయిల్ కూడా మార్చేయండి. రెండున్నర లీటర్లు, అంతకు మించి వద్దు. కింద జల్లెడ పలకకు ఆరు చిన్న నట్లుంటాయి, బిగింపు 7 న్యూటన్ మీటర్లే. బలం చూపిస్తే స్టడ్లు ఊడొస్తాయి. జల్లెడలో మెరిసే లోహపు పొడి కనబడితే బేరింగుల సంగతి చూడాలి.

ఎండాకాలం బండి అతిగా వేడెక్కుతుంటే ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చూడండి. అది లేకపోతే కింది వేడి గాలినే ఫ్యాను మళ్లీ పీలుస్తుంది.

వేడి మీద సెల్ఫ్ కొడితే "టక్" అని ఊరుకుంటుంది

ముందు బ్యాటరీ టెర్మినళ్లు, గేరుబాక్సు నుంచి బాడీకి పోయే జడలాంటి ఎర్త్ పట్టీ శుభ్రం చేయండి. తగ్గకపోతే న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, సోలినాయిడ్ (సెల్ఫ్ మీది కరెంటు స్విచ్) మీద బ్యాటరీ తీగ ఉన్న పెద్ద టెర్మినల్‌నూ తాళం నుంచి వచ్చే చిన్నదాన్నీ కరెంటు తగలని పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కలపండి. తిరిగితే సెల్ఫ్ మంచిదే. తాళం దగ్గర్నుంచి వెనక దాకా వచ్చే పొడవాటి తీగలో వోల్టేజీ పడిపోతోంది, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వేస్తే సరి. తిరగకపోతే సెల్ఫ్, దాంతోపాటు గేరుబాక్సు కేసులోని బుష్ (సెల్ఫ్ షాఫ్టు చివర తిరిగే లోహపు తొడుగు) మార్చండి. ఆ బుష్‌ను వదిలేసి కొత్త సెల్ఫ్ వేసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

చలికాలం యాక్సిలరేటర్ తొక్కితే ముక్కుతుంది

ఇంజిన్ కాసేపు తిరిగాక కూడా కార్బురేటర్ కింద గొట్టం మీద మంచు పేరుతుంటే, దాన్ని వెచ్చబెట్టే సన్న ఎగ్జాస్ట్ పైపు మసితో మూసుకుపోయిందని. విప్పి, పాత కేబుల్ ముక్కను డ్రిల్లుకు తగిలించి తొలచండి. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్ల గ్యాపు 0.4 మి.మీ. ఉందో లేదో కూడా చూడండి. టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ పడే సమయం) సర్దేది దాని తర్వాతే.

హీటర్ వేస్తే వాసన

మాడిన ఆయిల్ వాసనైతే పుష్‌రాడ్ (ట్యాపెట్లను కదిలించే కడ్డీలు) గొట్టాల సీళ్లో, వాల్వు మూతలో కారుతున్నాయి. పొగ వాసనైతే ఎగ్జాస్ట్ వేడితో గాలిని కాచే హీటర్ డబ్బా లోపల ఎగ్జాస్ట్ తుప్పుకు చిల్లిపడింది. అది కార్బన్ మోనాక్సైడ్. హీటర్ కట్టేసి, కిటికీలు దించి నడపండి. డబ్బాకు అతుకులు వేయొద్దు, మార్చేయండి.

పెట్రోలు వాసన

దీన్ని రేపటికి వాయిదా వేయకూడదు. ఇంజిన్ గదిలోని పాత గుడ్డ అల్లిక గొట్టాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పగుళ్లిస్తాయి. అన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చి క్లాంపులు వేయండి. కార్బురేటర్‌లో పెట్రోలు దిగే ఇత్తడి గొట్టాన్ని చేత్తో లాగి చూడండి. అది వదులై ఊడిపడితే బండి అంటుకుంటుంది. అలాగే వెనక సీటు కింద బ్యాటరీకి మూత ఉందో లేదో చూడండి. లేకపోతే ఎవరైనా కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగులు టెర్మినళ్లను తాకుతాయి.

అద్దం మీద నీళ్లు చిమ్మడం లేదు

1968 నుంచి వచ్చిన బండ్లలో నీళ్లను తోసేది మోటారు కాదు, స్టెప్నీలోని గాలి. స్టెప్నీని 42 పీఎస్ఐ దాకా కొట్టించండి, చాలావరకు పని అయిపోతుంది.