వాట్సాప్ లాంటి గ్రూపులో తప్పు అక్షరం కనిపిస్తే ఏం చేయాలి

ముందు అర్థం మారిందా చూడండి. 'కల', 'కళ' కలిసిపోయినా వాక్యం అందుతుంటే వదిలేయండి. మందు మోతాదు, తేదీ, డబ్బు, అడ్రసు దగ్గర మాత్రం ఊరుకోవద్దు. 15, 51గా మారితే పనే చెడుతుంది. అక్కడ కూడా విడిగా మెసేజ్ పెట్టి "15వ తేదీనే కదండీ?" అని అడగండి. అందరి ముందు ఎర్రగీత గీస్తే ఆ మనిషి రేపటి నుంచి రాయడం మానేస్తారు.

తప్పులన్నీ ఒక రకం కావు. 'sha' అని కొట్టినప్పుడు శ బదులు ష పడితే అది కీబోర్డు పని. 'వచ్చిండు' తప్పే కాదు, తెలంగాణ మాట. డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్నవారికి ఒత్తు జారిపోవచ్చు, దీర్ఘం పడకపోవచ్చు, ప-వ, మ-య, ద-ధ లాంటి పోలిక అక్షరాలు తారుమారు కావచ్చు. ఇది తెలివితక్కువతనం కాదు, బద్ధకం అసలే కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. అయితే నాలుగు మెసేజ్‌లు చూసి 'మీకు డిస్లెక్సియా' అని తేల్చేయకండి. అది నిపుణుల పని.

అడ్మిన్లు వాయిస్ మెసేజ్‌లను అనుమతించాలి. ముఖ్యమైన సంగతిని ఫొటోగా కాక టెక్స్ట్‌గా, రెండు మూడు వరుసలకో ఖాళీ వదిలి పెట్టాలి. రాసేవారు జీబోర్డ్‌ (గూగుల్ కీబోర్డు)లో తెలుగు ఎంచుకుని మైక్ నొక్కి చెప్పొచ్చు. పంపేముందు ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే 'సెలెక్ట్ టు స్పీక్'తో చదివించుకుంటే, కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది.