విదేశం నుంచి తెప్పించిన చవక కార్బన్ ఫ్రేమ్‌తో రోడ్ బైక్ బిగించుకోవడం ఎలా

ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్లను ఒక్కటి అడగండి, ఆ ఫ్రేమ్ డ్రాయింగ్. ఫొటోలు కాదు, కొలతలన్నీ వేసిన డ్రాయింగ్. అడిగితే పంపని వాళ్ల దగ్గర కొనకండి, ఫ్రేమ్ ఎంత అందంగా ఉన్నా సరే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిసారి నేను ఫొటో చూసి మురిసిపోయి డబ్బు కట్టేశాను, నా దగ్గర 30 ఎంఎం ఇరుసున్న క్రాంక్ (పెడళ్లు పట్టే చేతులు, వాటిని కలిపే ఇరుసు) ఉంది, వచ్చిన ఫ్రేమ్‌లో బాటమ్ బ్రాకెట్, అంటే ఆ ఇరుసు తిరిగే బేరింగ్‌ల గూడు, బీబీ86 రకం. అందులో 30 ఎంఎం ఇరుసు పట్టదని కాదు, పడుతుంది, కానీ బేరింగ్‌కు మిగిలే చోటు చాలా తక్కువ కాబట్టి లోపలి గుండ్లు బాగా చిన్నవిగా ఉంటాయి. ఒక్క వానాకాలం తిరిగేసరికి క్రాంక్ తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడింది. డ్రాయింగ్ చూసుంటే 24 ఎంఎం ఇరుసున్న క్రాంక్ కొనుక్కునేవాణ్ణి, అంతే తేడా.

డ్రాయింగ్‌లో ముందు బాటమ్ బ్రాకెట్ ఏ రకమో చూడండి. మర ఉన్నది, అంటే బీఎస్‌ఏ గానీ టీ47 గానీ దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. చవక ఫ్రేమ్‌లో ప్రెస్ ఫిట్ (మర లేకుండా బేరింగ్ కప్పులు నొక్కి దించే రకం) రంధ్రం కొలత ఒక్కోసారి సరిగ్గా ఉంటుంది, ఒక్కోసారి ఉండదు, మర ఉన్న దాంట్లో ఆ బెంగ తక్కువ. తర్వాత హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే) బేరింగ్‌ల కొలత, వాటి అంచు కోణాలు, 36 బై 45 డిగ్రీలా, 45 బై 45 డిగ్రీలా అన్నది రాసిపెట్టుకోండి, ఎందుకంటే రెండేళ్ల తర్వాత బేరింగ్ మార్చాల్సి వచ్చినప్పుడు అమ్మినవాళ్లు ఉంటారో ఉండరో. డిస్క్ బ్రేక్ ఫ్రేమ్ అయితే చక్రాల ఇరుసులు ముందు 12 బై 100 ఎంఎం, వెనక 12 బై 142 ఎంఎం ఉండటం మామూలే, కానీ ఆ ఇరుసు మర పిచ్ (మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.0 ఎంఎం‌నా, 1.5 నా, 1.75 నా అన్నది ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఇరుసులు కూడా ఫ్రేమ్‌తో పాటే పంపమనండి.

సైజు విషయంలో 52, 54 అని రాసిన అంకెను నమ్మొద్దు, ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 52 తో సమానంగా ఉండొచ్చు. ఇప్పుడు మీరు హాయిగా తొక్కుతున్న సైకిల్ స్టాక్, రీచ్ కొలతలు తీసుకుని వాటితో పోల్చండి. స్టాక్ అంటే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) పై అంచు దాకా నిలువు ఎత్తు, రీచ్ అంటే అదే రెండు చోట్ల మధ్య అడ్డం దూరం. ఈ రెండూ దగ్గరగా ఉంటే మిగతాది స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు పట్టించే ముక్క), సీట్ పోస్ట్‌తో సరిచేసుకోవచ్చు.

ఇక టీ700, టీ800, టీ1000 అని పెద్ద అక్షరాల్లో రాస్తారు కదా, అవి జపాన్ కంపెనీ టోరే తయారుచేసే కార్బన్ నారల పేర్లు, అంతవరకే. ఆ నారను ఏ దిక్కున, ఎన్ని పొరలుగా పేర్చారు, అచ్చులో ఎంత ఒత్తిడి మీద ఉడికించారు అన్నదాన్ని బట్టే ఫ్రేమ్ గట్టిదనం ఉంటుంది, అది స్టిక్కర్ మీద కనిపించదు. అందుకే నేను నార పేరు అడగను, ఐఎస్‌ఓ 4210 (సైకిళ్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం) పరీక్ష రిపోర్టు ఈ ఫ్రేమ్‌కు, ఈ ఫోర్క్‌కు ఉందా అని అడుగుతాను.

డీరైలర్ హ్యాంగర్లు (వెనక గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టించే చిన్న ముక్కలు) అదనంగా రెండు తీసుకోండి. దయచేసి ఈ మాట మర్చిపోకండి. హ్యాంగర్ ఆ అచ్చుకు మాత్రమే సరిపోయేలా ఉంటుంది, సైకిల్ ఒక్కసారి కుడిపక్కకి పడితే చాలు వంగిపోతుంది, మళ్లీ సముద్రం దాటి వచ్చేదాకా సైకిల్ మూలన పడి ఉంటుంది. కస్టమ్స్ విషయంలో ఒకటే మాట: ఫ్రేమ్‌లు, ఫోర్క్‌ల కోడ్ 8714.91, ఇన్‌వాయిస్ మీద అసలు ధరే రాయమనండి, తక్కువ రాయించుకుంటే దారిలో ఫ్రేమ్ విరిగినప్పుడు ఆ తక్కువ ధరకే పరిహారం అడగగలరు.

పెట్టె వచ్చాక

సీలు కోసే ముందు నుంచే వీడియో తీయండి. ఫ్రేమ్ బయటికి తీశాక ఆత్రంగా బిగించడం మొదలుపెట్టకుండా ఒక సాయంత్రం మొత్తం దాన్ని చూడటానికే కేటాయించండి. గదిలో లైటు తగ్గించి, టార్చి పక్కవాటుగా పట్టుకుని ట్యూబుల మీద మెల్లగా జరిపితే ఎగుడుదిగుళ్లు, వెంట్రుకంత గీతలు కనిపిస్తాయి. నాణెం అంచుతో మెల్లగా కొడుతూ పోండి, అంతటా ఖంగుమని ఒకేలా వినిపించాలి, ఒక్కచోట మాత్రం బొదబొదమని వినిపిస్తే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. ట్యూబ్ మందం మారే చోట శబ్దం సహజంగానే మారుతుంది, కాబట్టి కుడివైపు చోటును ఎడమవైపు అదే చోటుతో పోల్చి వినండి. తర్వాత ఒక దారం తీసుకుని వెనక చక్రం పట్టే ఒక చెవి నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో చెవికి లాగి కట్టండి, సీట్ ట్యూబ్‌కు రెండు పక్కలా దారం ఒకే దూరంలో ఉండాలి.

బాటమ్ బ్రాకెట్ గూడు లోపల వేలు పెట్టి తడమండి. నా రెండో ఫ్రేమ్‌లో గోరుకు తగిలేంత రెసిన్ ముద్ద ఒకటి అంచున గడ్డకట్టి ఉంది, పెసరగింజలో సగం ఉంటుందేమో. అది చూడకుండా బేరింగ్ కప్పు దింపితే కప్పు వంకరగా కూర్చుని, తొక్కిన ప్రతిసారీ కిర్రుకిర్రుమని ప్రాణం తీసేది. సన్నటి ఎమ్రీ పేపర్ వేలికి చుట్టి, ఆ ముద్ద వరకే, నార తగలకుండా అరగదీశాను. ప్రెస్ ఫిట్ అయితే వెర్నియర్‌తో రంధ్రాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి, బీబీ86 కి 41 ఎంఎం రావాలి. రెండు కొలతలకూ పొంతన లేకపోతే రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉందన్నమాట, అప్పుడు బిగించే ప్రయత్నం మానేసి అమ్మినవాళ్లకు ఫొటోలు పంపండి.

బిగించడం

ఫ్రేమ్‌ను స్టాండ్‌కు పట్టించేటప్పుడు టాప్ ట్యూబ్ దగ్గర పట్టించకండి, సీట్ పోస్ట్ దగ్గరే పట్టించండి. బ్రేక్ హోస్‌లు (ఆయిల్ గొట్టాలు) హెడ్‌సెట్ గుండా వెళ్లే రకమైతే బేరింగ్ కూర్చోబెట్టక ముందే హోస్‌లు లాగేయాలి, ఈ వరుస తప్పితే అంతా విప్పాల్సి వస్తుంది. లోపల దారి దొరకడం లేదా, ఒక రంధ్రంలో సన్నటి దారం పెట్టి రెండో రంధ్రం దగ్గర వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేయండి, దారం తనంతట తనే వచ్చేస్తుంది, దానికి హోస్ కట్టి లాగడమే. లాగే ముందు హోస్‌కు ఫోమ్ గొట్టం తొడిగితే తర్వాత గతుకుల మీద టకటక శబ్దం ఉండదు.

ఇప్పుడు స్టీరర్ ట్యూబ్ (ఫోర్క్ నుంచి హెడ్ ట్యూబ్ గుండా పైకి వచ్చే గొట్టం) కోయడం. టెన్షన్ పడాల్సిన పని ఇదొక్కటే, కాబట్టి దీనికి తొందర వద్దు. ముందు కోయకుండానే ఫోర్క్, బేరింగ్‌లు, స్పేసర్లు, స్టెమ్ అన్నీ పెట్టి చూసుకోండి. స్టెమ్ కింద స్పేసర్లు 30 ఎంఎం దాటకుండా నేను చూసుకుంటాను, ఫోర్క్ చేసినవాళ్లు ఇంకా తక్కువ చెబితే అదే లెక్క. స్టెమ్ పైన ఒక 5 ఎంఎం స్పేసర్ పెట్టండి, ఆ స్పేసర్ పై అంచు కన్నా ట్యూబ్ 3 ఎంఎం కిందికి ఉండేలా గీత పెట్టండి. అప్పుడు ట్యూబ్‌ను స్టెమ్ పూర్తిగా పట్టుకుంటుంది, పైమూత బిగించడానికి ఖాళీ కూడా మిగులుతుంది. గీత చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, రంపం పక్కకు పోకుండా గైడ్ బిగించి, అంగుళానికి 32 పళ్లున్న సన్నటి బ్లేడుతో గానీ కార్బన్ కోసం చేసిన బ్లేడుతో గానీ, నీళ్లు చిలకరిస్తూ, బరువు వేయకుండా రంపం తన బరువుతోనే నడిచేలా కోయండి. సగం దాకా వచ్చాక ట్యూబ్ తిప్పి అటువైపు నుంచి కోస్తే చివర నార చీలిపోదు. ముక్కుకు మంచి మాస్క్, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, తడిగుడ్డతో తుడవాలే తప్ప ఊదకూడదు. మొదటిసారైతే గీత కన్నా 10 ఎంఎం పొడుగ్గా కోసి, పైన స్పేసర్లు ఎక్కువ పెట్టుకుని నెల రోజులు తొక్కాక అసలు కొలతకు కోయండి. ఎక్కువ కోసిన ట్యూబ్‌ను అతికించే దారి లేదు. కార్బన్ స్టీరర్‌లో స్టార్ నట్ (పైమూత బోల్టు పట్టడానికి లోపలికి కొట్టే నట్) కొట్టకండి, లోపల నార చీలుతుంది; ఎక్స్‌పాండర్ ప్లగ్ (లోపల విప్పారి పట్టుకునే ప్లగ్) వాడాలి, అది స్టెమ్ పట్టే చోటికి సరిగ్గా లోపల కూర్చోవాలి.

బాటమ్ బ్రాకెట్ బీఎస్‌ఏ అయితే చైన్ వైపు మర తిరగబడి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. మరకు గ్రీజు రాసి ముందు చేత్తోనే తిప్పాలి, నాలుగు చుట్లు చేత్తో పోకపోతే ఏదో తేడా ఉన్నట్టే. ప్రెస్ ఫిట్ కప్పులను ప్రెస్‌తోనే, ఒక్కొక్కటిగా దింపండి, సుత్తి దగ్గరికి రానీయొద్దు.

టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగిసిందో చూపే పానా) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కార్బన్ ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారే పగులుతుంది. సీట్ పోస్ట్ క్లాంప్, స్టెమ్ బోల్టులకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, దాని మీద అచ్చు వేసిన అంకె వేరేగా ఉంటే ఆ అంకే లెక్క. షిమనో క్రాంక్ ఆర్మ్ బోల్టులు రెండూ 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు, కాసెట్ (వెనక గేరు చక్రాల గుత్తి) లాక్ రింగ్ 40. సీట్ పోస్ట్ కార్బన్‌దైతే గ్రీజు కాదు, కార్బన్ పేస్ట్ రాయాలి, దాంతో తక్కువ బిగువుకే జారకుండా నిలుస్తుంది. అల్యూమినియం పోస్ట్‌నైనా ఊరికే దింపేయకండి, కార్బన్‌తో కలిసి తుప్పు పట్టి అతుక్కుపోతుంది.

ఫ్లాట్ మౌంట్ (నేరుగా ఫ్రేమ్ మీద కూర్చునే రకం) వెనక బ్రేక్ బోల్టు పొడవు చాలామందికి తెలియక ఆగిపోయే చోటు: ఫ్రేమ్ మందం కొలిచి దానికి 13 ఎంఎం కలపండి, 25 ఎంఎం మందానికి 38 ఎంఎం బోల్టు. హోస్ కోసిన ప్రతిసారీ ఆలివ్, ఇన్సర్ట్ (హోస్ చివర బిగించే చిన్న ముక్కలు) కొత్తవే వేయాలి. మినరల్ ఆయిల్ బ్రేక్‌లో డాట్ ఫ్లూయిడ్ (ఇంకో రకం బ్రేక్ ద్రవం) పోస్తే సీళ్లు పాడైపోతాయి, సీసా మీద పేరు రెండుసార్లు చదవండి.

గేర్లు పెట్టే ముందు హ్యాంగర్ తిన్నగా ఉందో లేదో గేజ్‌తో చూసుకోండి. కొత్త ఫ్రేమ్ కదా వంగి ఉండదులే అనుకుంటాం, నాకు వచ్చిన మూడు ఫ్రేమ్‌లలో రెండింటికి పెట్టెలోనే వంగి వచ్చింది. హ్యాంగర్ తిన్నగా లేకపోతే లిమిట్ స్క్రూలు (డీరైలర్ ఎంత దూరం కదలాలో ఆపే మరలు) ఎంత తిప్పినా ఏదో ఒక గేరు దగ్గర చైన్ తడబడుతూనే ఉంటుంది.

హెడ్‌సెట్ ఆడుతుందో లేదో చూడటానికి ముందు చక్రం బ్రేక్ పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, బేరింగ్ దగ్గర ఇంకో చేత్తో పట్టుకుంటే చిన్న కదలికైనా వేలికి తెలుస్తుంది. పైమూతతో ఆ కదలిక పోయేదాకా మాత్రమే బిగించి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించాలి.

మొదటి రోజు ఇంటి చుట్టుపక్కలే, ట్రాఫిక్ లేని చోట తిరగండి. కాస్త వేగం అందుకుని, చక్రం పూర్తిగా ఆగకుండా బ్రేక్ నొక్కి నెమ్మదించడం ఇరవై ముప్పైసార్లు చేస్తే ప్యాడ్లు కుదురుకుంటాయి. 100 కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసి, స్టెమ్ విప్పి, అది పట్టుకున్న చోట స్టీరర్ ట్యూబ్‌ను తుడిచి టార్చి వేసి చూడండి. గోరు ఆగేంత గీత గానీ, నొక్కుకుపోయిన గుర్తు గానీ కనిపిస్తే ఆ ఫోర్క్‌తో మళ్లీ రోడ్డెక్కొద్దు.