జంట నక్షత్రాలను చదవడం, 4వ పాఠం: ఆల్గాల్‌లో ఏది దేన్ని కప్పుతోంది?

ఒకదాన్నొకటి కప్పుకుంటూ తిరిగే జంట నక్షత్రం ఆల్గాల్. దాని కాంతి వక్రరేఖలో (కాలంతో పాటు కాంతి ఎలా మారుతుందో చూపే గీతలో) లోతైన పల్లం వచ్చేటప్పుడు ఏ నక్షత్రం ముందుంటుందని కిందటి పాఠంలో అడిగితే, పెద్దది మరుగున పడినప్పుడే ఎక్కువ కాంతి పోతుంది కనుక చిన్నదే ముందుంటుందని చాలామంది రాశారు. తప్పులో నా వాటా కూడా ఉంది. ‘పెద్ద’, ‘చిన్న’ అన్నది ద్రవ్యరాశికా, వ్యాసానికా అన్నది చెప్పకుండానే వాడేశాను. అందువల్ల వర్ణపటం నుంచి వేగాలు రాబట్టే పనిని వాయిదా వేసి, ఈసారి దీన్నే తేల్చుకుందాం.

సూర్యుడితో పోలిస్తే వేడి నక్షత్రం ద్రవ్యరాశి సుమారు 3.2 రెట్లు, వ్యాసం 2.7 రెట్లు. సహచర నక్షత్రం ద్రవ్యరాశి 0.7 వంతే అయినా వ్యాసం 3.5 రెట్లు ఉంటుంది. ఒకప్పుడు బరువైనదై ఉండి, ముందుగా ఉబ్బి, తన పదార్థాన్ని పక్కదానికి ధారపోసినందువల్లే అది ఇలా తేలికపడింది.

రూపాయి బిళ్లను, పది రూపాయల బిళ్లను కొంత మేర ఒకదానిపై ఒకటి పడేలా బల్ల మీద పెట్టండి. పైనున్నది ఏదైనా, కప్పబడిన ముక్క వైశాల్యం మారదు. కక్ష్య దాదాపు వృత్తాకారం కాబట్టి ఆల్గాల్ రెండు గ్రహణాల్లోనూ అంతే. తేడా అంతా ఆ ముక్క ఎంత వేడిగా ఉందన్న దాంట్లోనే ఉంది. వేడి నక్షత్రం ఉష్ణోగ్రత సుమారు 13,000 కెల్విన్లు, సహచరిది 4,500; వెదజల్లే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కనుక, సమానమైన వైశాల్యం నుంచి మొదటిది దాదాపు 70 రెట్ల శక్తిని వెదజల్లుతుంది. అందుకే మసక సహచరి ముందుకు వచ్చినప్పుడు ప్రకాశ పరిమాణం 2.1 నుంచి 3.4కు పడిపోయి (ఈ కొలతలో అంకె పెరిగితే కాంతి తగ్గినట్టు), కాంతిలో మూడో వంతుకు తక్కువే మిగులుతుంది. అది వెనక్కి వెళ్లినప్పటి తగ్గుదల కంటికి అందదు. 1782–83లో ఇంగ్లండ్ ఖగోళ పరిశీలకుడు జాన్ గుడ్రిక్ పరికరాలేవీ లేకుండా, కేవలం కంటితో పట్టుకున్నది ఆ లోతైన పల్లాన్నే.

కృత్తికలకు ఉత్తరాన ఆల్గాల్‌ను గుర్తించాక, పక్కనే ఉంది కదా అని దాని ప్రకాశాన్ని రో పర్సియై అనే నక్షత్రంతో పోల్చకండి, అది కూడా మారే నక్షత్రమే. నేను మాత్రం పోలికకు ఆల్మాక్, ఎప్సిలాన్ పర్సియై అనే రెండు నక్షత్రాలనే వాడతాను.

అభ్యాసం: ఆవర్తన కాలం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు. ఈ రాత్రి 10:30కి కనిష్ఠం వస్తే మూడు రోజుల తర్వాత రాత్రి 7:19కి మళ్లీ వస్తుంది. అక్కడి నుంచి 30 రోజుల కనిష్ఠాలన్నీ లెక్కగట్టి, చీకట్లో పడేవాటిని వేరుచేయండి. రెండు నక్షత్రాల ఉష్ణోగ్రతా సమానమై ఉంటే వక్రరేఖ ఎలా ఉండేదో పెన్సిల్‌తో గీసి పంపండి.