పాత అల్యూమినియం పడవకు డెక్ వేసే ముందు

అమెరికాలో పాత 14 అడుగుల అల్యూమినియం చేపల పడవ కొన్నవారు ముందుగా దానిని ట్రెయిలర్ మీదే ఉంచి, లోపల రెండు మూడు అంగుళాల నీరు పోసి, బయట ఏ రివెట్ (రేకులను కలిపి బిగించే లోహపు మేకు) దగ్గర చుక్క ఊరుతుందో చూసి మార్కర్‌తో సున్నా చుట్టాలి. ఒకరు లోపల బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోగా మరొకరు బయట సుత్తితో కొడితే వదులైన రివెట్ చాలావరకు బిగుస్తుంది.

డెక్‌కు, అంటే పడవలో నిలబడడానికి వేసే చదునైన చెక్క తలానికి, కుళ్ళకుండా రాగి లవణాలు పట్టించిన చెక్కను, ఎంత చవకగా దొరికినా, వాడవద్దు. తడి తగిలితే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి పొడి కనిపించేసరికే రేకు గుంటలు పడి ఉంటుంది. మామూలు ప్లైవుడ్‌కు అంచులతో సహా ఎపాక్సీ (గట్టిపడి నీటిని ఆపే జిగురు పూత) పూసి, స్టెయిన్‌లెస్ స్టీల్ మరలతో బిగించండి.

బెంచీల కింది ఫోమ్‌ను తీసివేయకండి; నీరు నిండినా పడవను తేల్చేది అదే. డెక్‌ను వీలైనంత తక్కువ ఎత్తులో ఉంచండి.