మారథాన్ పరిగెత్తి విరాళాలు సేకరించాలంటే: ట్రైనింగ్ ఎలా చేయాలి, డబ్బు ఎలా అడగాలి

ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు ఇది చెప్పాలి: ఎవరు ఎంత ఇచ్చినా ఆ డబ్బు మీ ఫోన్‌పే నంబర్‌కి మాత్రం వేయించుకోకండి. మొదటిసారి నేను అదే చేశా. నా నంబర్ పెట్టా, చుట్టాలూ ఆఫీసు వాళ్ళూ పంపారు, మొత్తం కూడబెట్టి ఒకేసారి సంస్థకి ట్రాన్స్‌ఫర్ చేశా, తీరా చూస్తే రసీదు నా ఒక్కడి పేరు మీద వచ్చింది. మా మేనమామ ట్యాక్స్ కోసం రసీదు పంపరా అని అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ ఇంకొకరి డబ్బు నా అకౌంట్‌లో ఆ రెండు నెలలు పడి ఉందన్న విషయం నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. రెండోసారి లింక్ నేరుగా సంస్థది పెట్టించా, ఎవరి రసీదు వాళ్ళకే వెళ్ళింది, అడగడానికి కూడా ధైర్యం వచ్చింది.

నేను పరిగెత్తింది తలసేమియా పిల్లల కోసం. మా అక్క కొడుక్కి తలసేమియా మేజర్, దాదాపు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అలా ఎక్కించిన కొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది కాబట్టి దాన్ని తగ్గించడానికి రోజూ మందులు వాడాలి, ఇదంతా ఏళ్ళ తరబడి. మీ కారణం వేరే ఏదైనా కావచ్చు, కానీ మీకు దగ్గరగా తెలిసిన విషయం ఎంచుకోండి, ఎందుకంటే నాలుగున్నర నెలల పాటు దాని గురించి వంద మందికి చెప్పాల్సి వస్తుంది, తెలియని విషయమైతే రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

సంస్థని ఎంచుకునేటప్పుడు ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ 12ఏ (సంస్థ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతలకి మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉన్నాయా, పోయినేడాది లెక్కల రిపోర్ట్ ఇస్తారా అని అడగండి, మంచి సంస్థలు ఇలా అడిగితే నొచ్చుకోవు. మీ పేరుతో వేరే పేజీ గానీ లింక్ గానీ ఇవ్వగలరా, దాత పాన్ నంబర్ తీసుకుని రసీదు నేరుగా దాతకే పంపుతారా, ఇవి ముందే మెయిల్‌లో రాయించుకోండి. దాతలకి చెప్పాల్సినవి రెండున్నాయి: ట్యాక్స్ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే వస్తుంది, క్యాష్‌గా రెండు వేలకి మించి ఇస్తే అసలు రాదు. ఇక పిల్లల ఫోటోలు, పేర్లు వాడకండి. మా మేనల్లుడి సంగతి కూడా మా అక్కనీ బావనీ అడిగి, సరే అన్నాకే పేరు లేకుండా చెప్పా.

ఇప్పుడు రేసు. మనకి దగ్గరది హైదరాబాద్ మారథాన్, మామూలుగా ఆగస్టు ఆఖరి ఆదివారం. నవంబర్, డిసెంబర్ అయితే వైజాగ్‌లో నేవీ వాళ్ళది చూడొచ్చు, జనవరి మూడో ఆదివారం ముంబై. ముంబైలో ఛారిటీ బిబ్‌లని (బిబ్ అంటే చొక్కాకి పెట్టుకునే రేసు నంబర్) విడిగా ఉంటాయి, కనీసం ఇంత విరాళం తెస్తాను అని ఒప్పుకుంటేనే ఇస్తారు. ఏ రేసైనా ఎంట్రీ ఫీజు, షూ, ప్రయాణం ఖర్చు మీ జేబులోంచే పెట్టుకోండి, ఆ సంగతి మొదటి మెసేజ్‌లోనే చెప్పండి. ఇచ్చే ప్రతి ఒక్కరి మనసులో ఉండే ప్రశ్న అది, పైకి అడగరు అంతే.

ఇప్పటివరకు ఆగకుండా 10 కిలోమీటర్లు పరిగెత్తలేదంటే ఈ ఏడాది ఫుల్ (42 కిలోమీటర్లు) వద్దు, హాఫ్ చేయండి. 21 కిలోమీటర్లకి కూడా జనం ఇస్తారు, దూరం చూసి ఇచ్చేవాళ్ళు తక్కువ, మిమ్మల్ని చూసి ఇచ్చేవాళ్ళే ఎక్కువ. మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గరికెళ్ళి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, 35 దాటినా ఇంట్లో గుండె జబ్బులు ఉన్నా ఈసీజీ, డాక్టర్ రాస్తే ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా. ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ టెస్ట్ మరీ ముఖ్యం, రక్తం తక్కువుంటే ఎంత ట్రైనింగ్ చేసినా కాళ్ళు బరువుగానే ఉంటాయి.

వారానికి నాలుగు రోజులు పరుగు చాలు. మంగళ, గురువారాలు 6 నుంచి 8 కిలోమీటర్లు, శనివారం 4 తేలిగ్గా, ఆదివారం లాంగ్ రన్. మిగతా రోజుల్లో రెండుసార్లు ఇంట్లోనే బస్కీలు, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచడం), ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్ళు నిటారుగా ఆపడం), మెట్ల అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం, అరగంట చాలు. ఆదివారం దూరాలు నేను పాటించినవి ఇలా ఉన్నాయి: 12, 14, 16, తర్వాత తగ్గించి 12, మళ్ళీ 18, 20, 22, తగ్గించి 16, ఆపైన 24, 26, 28, తగ్గించి 20, చివర్లో 28, 30, 22, 32. అది రేసుకి సరిగ్గా మూడు వారాల ముందు. ఆ తర్వాత 22, 14, ఆపై ఆదివారం రేసే. అంటే హైదరాబాద్ రేసుకి ఏప్రిల్ మూడో నాలుగో వారానికల్లా మొదలైపోవాలి. మధ్యమధ్యలో తగ్గించే వారం ఉంది చూశారా, ఒంట్లో బాగానే ఉంది కదా అని దాన్ని ఎగ్గొట్టకండి, ఎగ్గొడితేనే దెబ్బలు తగిలేది, కండరాలు ఎముకలు బలపడేది ఆ వారంలోనే.

స్పీడ్ గురించి మొదటి మూడు నెలలు పూర్తిగా మర్చిపోండి. పక్కన పరిగెత్తే మనిషితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, అదే మీ వేగం, ఆయాసంతో ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నారంటే ఎక్కువ చేస్తున్నట్టే. వాచీలో నంబర్ చూసి బాధపడేవాళ్ళని చాలామందిని చూశా. మే నెలలో హైదరాబాద్ ఎండకి, జులైలో ఉక్కపోతకి ఎవరికైనా వేగం తగ్గుతుంది, అది మీ లోపం కాదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు కాబట్టి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

ఎండాకాలంలో నాలుగున్నరకి రోడ్డు మీద ఉండాలి, లాంగ్ రన్ రోజైతే ఇంకా ముందే. కేబీఆర్ పార్క్ చుట్టూ, నెక్లెస్ రోడ్, ఓయూ క్యాంపస్, గచ్చిబౌలి వైపు ఉండేవాళ్ళు అటే, ఎక్కడైనా గుంపుగా పరిగెత్తండి, మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి. కుక్కలు వెంటపడితే పరిగెత్తకుండా ఆగి నిలబడండి, నెమ్మదిగా నడుచుకుంటూ దాటండి. అన్నట్టు ఈ మధ్య హైదరాబాద్ రేసు నెక్లెస్ రోడ్ మీది పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది, మధ్యలో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాలు, కాబట్టి సాఫీగా ఉన్న రోడ్డు మీదే ట్రైనింగ్ మొత్తం చేస్తే ఆ రోజు తొడలు పట్టేస్తాయి. వారంలో ఒక రోజైనా ఎత్తున్న రోడ్డు వెతుక్కోండి, ఎక్కేటప్పుడు అడుగులు చిన్నగా, దిగేటప్పుడు కూడా చిన్నగానే.

తిండి విషయంలో మన ఇంట్లో ఉన్నవే చాలు. పొద్దున్నే అరటిపండు, ఖర్జూరాలు, లాంగ్ రన్ ముందు రోజు రాత్రి అన్నం కాస్త ఎక్కువ, పప్పు, కారం నూనె తగ్గించి. అయ్యాక ఇడ్లీ, గుడ్లు, రాగి జావ, మజ్జిగలో ఉప్పు. ఒంట్లో నిలవుండే పిండిపదార్థం సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది, అప్పుడు కాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది, అందుకే గంట దాటిన పరుగుల్లో గంటకి 30 నుంచి 60 గ్రాముల చక్కెర పదార్థం లోపలికి వెళ్ళాలి. ఖర్జూరమో, పల్లీ పట్టీయో, రన్నర్లు వాడే ఎనర్జీ జెల్ ప్యాకెట్టో ఏదైనా సరే, కానీ అది కడుపుకి పడుతుందో లేదో ట్రైనింగ్‌లోనే తేల్చుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద లీటర్ నీళ్ళు అని ఉంటే లీటర్‌లోనే కలపండి. దాహం వేసినప్పుడు తాగండి, భయపడి బాటిళ్ళ కొద్దీ ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు.

షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఒరుసుకునే చోటల్లా వాజ్‌లిన్. నొప్పి పరిగెత్తే కొద్దీ తగ్గితే పర్వాలేదు, పెరుగుతుంటే లేదా నడక తీరు మారిపోతుంటే ఆ రోజుకి ఆపేయండి, వారంలో తగ్గకపోతే డాక్టర్. పెయిన్ కిల్లర్ వేసుకుని మాత్రం పరిగెత్తొద్దు, నీళ్ళు తగ్గిన ఒంటికి ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి.

ఇక అడగడం. నిజం చెప్పాలంటే నాకు 32 కిలోమీటర్ల కన్నా ఇదే కష్టమైంది, చేయి చాపడం అలవాటు లేని ఇళ్ళలో పెరిగిన వాళ్ళం కదా. నేను నేర్చుకున్నదేంటంటే ముందు మీరు వేయండి, పేజీలో మొదటి పేరు మీదే ఉండాలి. తర్వాత ఇంట్లో వాళ్ళు, ప్రాణ స్నేహితులు ఓ ఐదారుగురు, వాళ్ళు ఇచ్చాకే బయటివాళ్ళకి లింక్ పంపండి, ఖాళీ పేజీలో మొదటగా ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడరు. మొదలుపెట్టే టైమ్ రేసుకి ఎనిమిది వారాల ముందు, అప్పటికి మీరు ఇరవై ఆరు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి ఉంటారు, చెప్పుకోవడానికి చేసి చూపించింది ఏదో ఉంటుంది.

వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తే అందరూ చూస్తారు, ఇంకెవరో ఇస్తారులే అనుకుంటారు. ఒక్కొక్కరికి విడిగా రాయండి, పేరు పెట్టి, వరస పెట్టి. నేను మా పెద్దమ్మకి ఇలా పంపా: "పెద్దమ్మా, ఆగస్టు ఆఖరి ఆదివారం 42 కిలోమీటర్లు పరిగెడుతున్నా, మన చిన్నోడి లాంటి పిల్లలకి రక్తం ఎక్కించే సంస్థ కోసం. నా ఖర్చులు నావే, నువ్విచ్చేది మొత్తం వాళ్ళకే వెళ్తుంది, రసీదు నీ పేరు మీద వస్తుంది. వీలైతే ఈ లింక్‌లో వెయ్యి రూపాయలు పంపు, కాకపోతే ఏం పర్లేదు." అంతే. కిలోమీటర్‌కి పది రూపాయల లెక్కన 420 అంటే చాలామందికి తేలిగ్గా ఉంటుంది, ఎంత ఇవ్వాలో తెలియక ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. జీతాలు పడే మొదటి వారంలో అడగండి. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, మూడోసారి వద్దు. ఇచ్చినవాళ్ళకి ఆ రోజే ఫోన్ గానీ వాయిస్ మెసేజ్ గానీ. ఆఫీసులో హెచ్‌ఆర్‌ని కూడా కనుక్కోండి, ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా ఇచ్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది.

మన ఇళ్ళలో ఒకరైనా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు అక్కడ హెచ్1బీ మీద ఉన్నా సరే, తమ సొంత సంపాదనలోంచి బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు, సంస్థ పాస్‌పోర్ట్ కాపీ అడుగుతుంది, ఇవ్వమనండి. కానీ సిటిజన్‌షిప్ మారినవాళ్ళు, ఓసీఐ కార్డ్ ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ (విదేశీ విరాళాలు తీసుకోవడానికి కేంద్రం ఇచ్చే అనుమతి) ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో దానికోసం ఉన్న అకౌంట్‌కే వెళ్ళాలి. "నీకు పంపేస్తా, నువ్వు కట్టెయ్ బావా" అంటే ఒప్పుకోకండి, ఇబ్బంది పడేది సంస్థ.

డబ్బు ఇవ్వలేనివాళ్ళని రక్తం ఇవ్వమని అడగండి, నా విషయంలో అది డబ్బుతో సమానం. ఎండాకాలం కాలేజీలకి సెలవులు, క్యాంపులు తగ్గి మే నెలలో రక్తం దొరకడం కష్టమవుతుంది, సరిగ్గా అప్పుడే మీరు ట్రైనింగ్ మొదలుపెట్టి ఉంటారు, మీ రన్నింగ్ గ్రూప్‌లో వాళ్ళనే మొదట కదిలించండి. మీరు మాత్రం రేసుకి ముందు రెండు నెలలు ఇవ్వకండి, నీరు భాగం ఒకట్రెండు రోజుల్లో తిరిగొచ్చినా ఎర్ర కణాలు మామూలు అవడానికి వారాలు పడుతుంది. మగవాళ్ళకి మూడు నెలలు, ఆడవాళ్ళకి నాలుగు నెలల గ్యాప్ ఎలాగూ ఉండాలి. రేసు అయ్యి ఒళ్ళు కుదుటపడ్డాక వెళ్ళండి.

రేసు వారంలో కొత్తది ఏదీ వద్దు, కొత్త సాక్స్ కూడా. తెల్లవారకముందే స్టార్ట్ కాబట్టి ముందు రెండు రాత్రులు పెందలాడే పడుకోండి. మొదటి 10 కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోతుంటారు, పోనివ్వండి. కళ్ళు తిరిగినా, చెమట ఆగిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే మెడికల్ టెంట్‌కి వెళ్ళండి, సగంలో ఆగితే ఇచ్చినవాళ్ళు ఎవరూ వెనక్కి అడగరు, సంస్థకి చేరిన డబ్బు చేరినట్టే.

ఫినిష్ అయ్యాక మెడల్‌తో ఫోటో ఆ రోజే పంపండి, ఇస్తాం ఇస్తాం అని ఆగినవాళ్ళు అప్పుడే ఇస్తారు. అందుకే లింక్ ఇంకో పది రోజులు తెరిచి ఉంచమని సంస్థకి ముందే చెప్పండి. మూసేశాక మొత్తం ఎంత వచ్చింది, ఎంతమంది ఇచ్చారు, సంస్థ దాన్ని దేనికి వాడుతోంది అని నాలుగు లైన్లు రాసి అందరికీ పంపండి, రసీదు రానివాళ్ళు మీకు చెప్పమనండి, చివరి రసీదు అందేవరకు ఆ లిస్ట్ దగ్గర పెట్టుకోండి.