ఏసీ కొనే ముందు శ్లాబు సంగతి చూడండి: వరంగల్ ఎండలకు ఇంటిని ఎలా సిద్ధం చేయాలి?

హనుమకొండ, కాజీపేటల్లో పై అంతస్తులో ఉండేవాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో పగటికన్నా రాత్రే కష్టం. బయట గాలి చల్లబడినా గదిలో ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు శ్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని కిందికి వదలడమే కారణం. ఎండ 45 డిగ్రీలు దాటే రామగుండం, మంచిర్యాల వైపు ఈ బాధ ఇంకా ఎక్కువ. లోపలికి వచ్చిన వేడిని ఏసీతో బయటికి తోయడంకన్నా పైనే ఆపడం చవక, హాయి కూడా.

వేడి ఎటునుంచి వస్తోంది?

రాత్రి తొమ్మిది గంటలప్పుడు ఫ్యాను ఆపి, స్టూలు ఎక్కి అరచేతిని సీలింగుకు ఆనించండి. తర్వాత పడమటి గోడను, చివరగా తూర్పు గోడను తాకి చూడండి. పై అంతస్తు ఇళ్లలో సాధారణంగా సీలింగుదే మొదటి స్థానం, పడమటి గోడది రెండోది. డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టండి. మీ నెత్తిన మరో ఇల్లు ఉంటే శ్లాబు పని వదిలేసి నేరుగా కిటికీల దగ్గరికి వెళ్లండి.

తెల్లపూత

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది. ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకుంటే మంచిది. డాబా మీది నాచును, మట్టిని వైరు బ్రష్షుతో గీకి కడగాలి. పగుళ్లు పూడ్చి, నీళ్లు నిలిచే చోట వాలు సరిచేయించాలి. తడి తగిలే శ్లాబు మీద ఏ పూతా నిలవదు కాబట్టి, ట్యాంకు పొర్లి కారుతుంటే ముందు దాన్ని ఆపించండి.

సున్నం అయితే ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి, అందులో సున్నపురాళ్లు కొద్దికొద్దిగా వేయండి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే ఒక్కసారిగా ఉడికి మీద చిందుతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఒక రాత్రి నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, కొంచెం జిగురు కలిపి, శ్లాబును తడిపి సాయంత్రం పూట వేయండి. మొదటి పూత పలచగా ఉండాలి, రెండోది దానికి అడ్డంగా పడాలి. వానలకు ఇది కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోక తప్పదు.

కూల్ రూఫ్ పెయింటుకు ఖర్చు ఎక్కువైనా కొన్నేళ్లు ఉంటుంది. దుకాణంలో ‘తెల్లగా ఉందా’ అని కాకుండా ‘ఎస్‌ఆర్‌ఐ ఎంత’ అని అడగండి. ఎండను తిప్పికొట్టి, పీల్చుకున్న వేడిని వదిలేసే గుణానికి అది కొలత. 78కి తగ్గకుండా చూసుకోండి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు ఇలాంటి చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఐచ్ఛికమే అయినా, వేడితో ఎక్కువ అల్లాడేది ఆ ఇళ్లవాళ్లే.

ఇన్సులేషన్

తెల్లపూత ఎండను వెనక్కి పంపుతుంది. ఇన్సులేషన్ వేడిని లోపలికి దిగనివ్వదు, చలికాలంలో బయటికి పోనివ్వదు. ఆదిలాబాద్ చలి ఎరిగినవాళ్లకు ఈ రెండో మేలు విలువ తెలుసు. అంగుళం మందం థర్మాకోల్ సుమారు మూడడుగుల కాంక్రీటు ఆపినంత వేడిని ఆపుతుంది. దానిలో చిక్కుకున్న గాలిదే ఆ బలం. పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన, నీటిలో తేలే ఇటుకల్లోనూ ఇలాంటి గాలి గదులే ఉన్నాయి. అక్కడ అవి బరువు తగ్గించడానికి పనికొచ్చాయి.

డాబా మీద ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, దానిపై రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ జాతిదే, గట్టి ఫోమ్) షీట్లు సందులేకుండా పరిపించి, ఆపైన పలుచని కాంక్రీటు, తెల్ల టైల్స్ వేయించాలి. ప్యాకింగ్ థర్మాకోల్ ఇక్కడ పనికిరాదు, బరువుకు నలిగిపోతుంది. సీలింగు కింద థర్మాకోల్ షీట్లు వేయించుకుంటే వాటిని బయటికి కనబడేలా వదలకండి. థర్మాకోల్ నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది. జిప్సం బోర్డుతో పూర్తిగా కప్పించి, కరెంటు వైర్లు పైపుల్లోనే ఉండేలా చూడండి.

కొత్తగా కడుతున్నవాళ్లు కనీసం పడమటి గోడకైనా ఏఏసీ బ్లాకులు (లోపల గాలి గదులుండే తేలిక సిమెంటు ఇటుకలు) అడగండి. రామగుండం, భూపాలపల్లి విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే బూడిదలాంటిదే వాటి తయారీకి ముడిసరుకు.

రేకుల ఇంట్లో తెల్లపూత ఫలితం మొదటి మధ్యాహ్నమే తెలుస్తుంది. అయితే పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వాటిని పొడిగా గీకడం, రంధ్రాలు చేయడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. రేకుకు, కింది సీలింగుకు మధ్య జానెడు ఖాళీ వదిలి, వేడిగాలి పోయేందుకు రెండు చివరలా దారి ఉంచండి.

కిటికీలు

నీడ అద్దానికి బయట ఉండాలి. అద్దం దాటి వచ్చిన ఎండను లోపలి కర్టెన్ పెద్దగా ఆపలేదు. సజ్జ, వెదురు తడిక, పడమర వేపచెట్టు, ఏదైనా సరే. పగలు తొమ్మిదికల్లా కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవండి. రాత్రి కూడా మూసే ఉంచితే ఇన్సులేషన్ లోపలి వేడినే పట్టి ఉంచుతుంది. కూలర్ నడిచేటప్పుడు మాత్రం ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉండాలి.

బిల్లు

ఇల్లు ఇలా సిద్ధమయ్యాక ఏసీని 22లో పెట్టే అవసరం రాదు. 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుంది. ఆ తగ్గే యూనిట్లు బిల్లులో ఎక్కువ రేటు పడే పై వరుసలోవి. తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్న ఇంటికి లాభం ఇంకా సూటిగా కనిపిస్తుంది: 200 యూనిట్లు దాటిన నెలలో జీరో బిల్లు రాదు. అందుకే మార్చి, ఏప్రిల్, మే రీడింగులను పోయిన ఏడాది అవే నెలల బిల్లుల పక్కన రాసి పెట్టుకోండి. తెల్లపూత ఒక్కటే సరిపోయిందో, షీట్లు కూడా వేయించాలో అవే చెబుతాయి.